ఎనిమిది రేసులుంటే మీరు ఎన్ని ఆడతారు? ఏది వదలాలో ఎలా తెలుస్తుంది?

దిల్‌సుఖ్‌నగర్ చిన్నోడు

అన్నలకి నమస్తే. ఏడాదిన్నర నుంచి మలక్‌పేట రేస్‌కోర్సుకి వస్తున్నా. టిప్పులు కొనను, శనివారం రాత్రి రేస్ బుక్ ముందేసుకుని నేనే చదువుతా. అయినా డబ్బు పోతూనే ఉంది. మొన్న ఫోన్లో రాసుకున్న లెక్కలన్నీ కూడితే ఒక సంగతి తేలింది. గెలిచే గుర్రం చాలాసార్లు నేను రాసుకున్న మొదటి మూడింట్లోనే ఉంటోంది, కానీ నేను ఎనిమిదికి ఎనిమిది రేసులూ ఆడేస్తున్నా, రెండింట్లో వచ్చింది మిగతా ఆరింట్లో కరిగిపోతోంది. అందుకే అడుగుతున్నా, ఇది ఆడదగ్గ రేసు, ఇది కాదు అని మీరు ఎక్కడ తేల్చుకుంటారు? 12 గుర్రాల్లో నిజంగా ఛాన్స్ ఉన్నవి ఇవే అని మూడో నాలుగో ఎలా మిగుల్చుకుంటారు? "ఫామ్ చూడు" అని మాత్రం చెప్పకండి, అది చూస్తూనే పోగొట్టుకుంటున్నా.

తానాలా తమ్ముడు

ఎనిమిది పెట్టింది ఆడటానికే కదా భయ్యా. ఎండలో అంత దూరం వచ్చి నాలుగు రేసులు చేతులు కట్టుకుని చూడాలంటే ఇంట్లో టీవీ ఉంది.

పాత నోట్‌బుక్

చిన్నోడూ, నీ ప్రశ్నలో వరస సరిగ్గా ఉంది. ముందు రేసు, ఆ తర్వాతే గుర్రం. నేను బ్యాంకులో చేసి రిటైరయ్యా, లెక్కలు రాసే జబ్బు మాత్రం రిటైరవలేదు, అందుకే ఈ పేరు పెట్టుకున్నా. కార్డు, అంటే ఆ రోజు రేసుల జాబితా, రాగానే గుర్రాల పేర్లని చేత్తో మూసేసి పైనున్న రెండు లైన్లు చదువుతా. ఏ క్లాసు, ఎంత దూరం, ఎన్ని దిగుతున్నాయి, హ్యాండిక్యాపా టర్మ్స్ రేసా. అక్కడే సగం కార్డు ఎగిరిపోతుంది. రేటింగ్ అంటే గుర్రం సత్తాకి వేసే మార్కు, దాన్ని బట్టే క్లాసు. హ్యాండిక్యాప్‌లో రేటింగ్ ఎక్కువున్నదాని మీద బరువు ఎక్కువ వేస్తారు, టర్మ్స్ రేసులో బరువు ముందే పెట్టిన షరతుల ప్రకారం.

మెయిడెన్ రేసులో, అంటే ఇంతవరకూ గెలవని గుర్రాల రేసులో, నాలుగైదు మొదటిసారి దిగుతున్నాయంటే వదిలేస్తా. వాటి గురించి నాకు తెలిసేది తల్లిదండ్రుల పేర్లు, పొద్దున గ్యాలప్ (సాధన పరుగు) టైము, అంతే. ట్రైనర్‌కి తెలుసు, గుర్రాన్ని చూసుకునే సైస్‌కి తెలుసు, వాళ్ల చుట్టూ తిరిగే నలుగురికి తెలుసు. వాళ్లకి తెలిసి నాకు తెలియని చోట నేనెందుకు డబ్బు పెట్టాలి? అట్టడుగున 25 లోపు రేటింగ్ ఉన్న గుర్రాల రేసు కూడా వదిలేస్తా. వరసగా ఓడి ఓడి అక్కడికి జారినవి అవి. ఫామ్ లైన్‌లో, అంటే కిందటి పరుగుల్లో వచ్చిన స్థానాలు చూస్తే, 8, 9, 6, 10, 7 అని ఉంటుంది, అందులో ఎవరో ఒకరు గెలవక తప్పదు కాబట్టి గెలుస్తారు, గెలిచాక కారణం వెతుక్కోవడమే మన పని. ఇక ఐదే గుర్రాలున్న టర్మ్స్ రేసు, అందులో ఒకటి మిగతావాటికన్నా ఇరవై పాయింట్లు పైన. ఎవరు గెలుస్తారో మా మనవడు కూడా చెప్తాడు, కానీ రూపాయి పెడితే పావలా కూడా రాదు. కూర్చుని చూడటానికి మంచి రేసు.

చివరికి మిగిలేవి క్లాస్ 3, క్లాస్ 4 హ్యాండిక్యాప్‌లు, ఎనిమిది నుంచి పన్నెండు గుర్రాలు, వాటిలో ఎక్కువ భాగం ఇప్పటికే బోలెడన్నిసార్లు పరిగెత్తి గుణం బయటపెట్టుకున్నవి. ఇలాంటివి కార్డులో మూడుంటే అదృష్టం. ఆ మూడింట్లో కూడా ఆడేది ఒకటి, మహా అయితే రెండు.

గడ్డి తినేది మనమే

ఇంత కష్టం ఎందుకండీ. ఏ గుర్రం గెలవాలో పొద్దున్నే రాసేసి ఉంటుంది. జనం ఎక్కువగా కాసే ఫేవరెట్‌ని లాగిపట్టి ఆపిన రేసులు నా కళ్లతో చూశా.

మోడరేటర్

పేర్లు పెట్టి ఎవరి మీదా ఆరోపణలు వద్దు. అలాగే "గ్యారంటీ టిప్" అంటూ ఫోన్ నంబర్లు పెట్టిన రెండు పోస్టులు తీసేశాం. మూడోసారి పెడితే ఖాతా కూడా తీసేస్తాం.

పొద్దున గ్యాలప్

గడ్డి గారూ, మీరన్నదాంట్లో కొంత నిజం ఉంది, కానీ అది మీరు అనుకునే చోట లేదు. హ్యాండిక్యాప్ పద్ధతిలోనే ఆ కిటుకు ఉంది. గుర్రం ఓడితే రేటింగ్ తగ్గుతుంది, రేటింగ్ తగ్గితే బరువు తగ్గుతుంది. కాబట్టి ప్రతి గుర్రమూ ప్రతి వారమూ గెలవడానికే వస్తుందని అనుకోవడం అమాయకత్వం. 1600 మీటర్ల గుర్రాన్ని 1100లో దించితే అది ఏడోదిగా వస్తుంది, దాన్ని ఎవరూ లాగిపట్టక్కర్లేదు. చూసేవాళ్లకి ఫామ్ పోయినట్టు కనపడుతుంది. రెండు పరుగుల తర్వాత అదే గుర్రం నాలుగు కిలోలు తేలికై 1600కి తిరిగొస్తే అప్పుడు పుస్తకంలో 7, 9 అని చూసి మీరు కొట్టేస్తారు, నేను టిక్ పెట్టుకుంటా. మీరు చూసిన "ఆపిన" రేసుల్లో కొన్ని ఇవే అయ్యుంటాయి.

ఈ రోజు ఆడించడానికే తెచ్చారా అని చెప్పే గుర్తులు కార్డులోనే ఉంటాయి. గెలిచిన దూరానికి తిరిగి రావడం, స్టేబుల్‌లో పెద్ద జాకీ ఎక్కడం, కిందటిసారి కాళ్ల నాడాలు ఎస్ అని ఉండి ఈసారి ఏ అని మారడం. ఎస్ అంటే స్టీలు, ఏ అంటే అల్యూమినియం, తేలిక. బ్లింకర్లు (పక్కచూపు పోకుండా కళ్లకి కట్టే గంతలు) మొదటిసారి కడుతున్నారా అన్నదీ చూడాలి. ఒక్కొక్కటి విడిగా చూస్తే ఏమీ కాదు. మూడు కలిసొస్తే నేను కుర్చీలో ముందుకి జరుగుతా.

దిల్‌సుఖ్‌నగర్ చిన్నోడు

ఎస్, ఏ అంటే ఏంటో ఏడాదిన్నర నుంచి ఎవర్నీ అడగలేదు. సిగ్గుగా ఉంది. పాత నోట్‌బుక్ సార్, రేసు దొరికాక గుర్రాల్ని ఎలా తీసేస్తారో అది కూడా చెప్పండి.

పాత నోట్‌బుక్

నేను గెలిచేదాన్ని వెతకను. ఒక్కో గుర్రం దగ్గర ఆగి "ఇది ఎందుకు గెలవదు" అని అడుగుతా. గట్టి జవాబు దొరికితే గీత కొట్టేస్తా, దొరకకపోతే ఉంచుతా.

మొదటి గీత దూరం మీద. ఈ దూరంలో, లేదా అటూ ఇటూ 200 మీటర్ల తేడాలో ఎప్పుడూ మొదటి మూడింట్లోకి రానిది పోతుంది. కుర్ర గుర్రాల్ని మాత్రం ఇలా కొట్టకు, మూడేళ్లవి ఇంకా ఎదుగుతుంటాయి, వాటికి గతం తక్కువ. రెండో గీత బరువు మీద, ఇక్కడ కొంచెం ఓపిక పట్టు. మనదేశంలో రేటింగ్‌లో ఒక పాయింటు అంటే అర కిలో. క్లాస్ 4 అంటే 20 నుంచి 45 దాకా, క్లాస్ 3 అంటే 40 నుంచి 65 దాకా. 40 నుంచి 45 మధ్య రెండూ కలుస్తున్నాయి చూశావా, ఆ ఐదు పాయింట్లలో ఉన్న గుర్రాన్ని ట్రైనర్ ఏ క్లాసులోనైనా దించొచ్చు.

ఉదాహరణకి 44 రేటింగ్ గుర్రం క్లాస్ 4లో దిగింది, అందరికన్నా పైనున్నది 45, దానికి 60 కిలోలు. అంటే మనది 59.5 మోస్తుంది. అదే గెలిచి 53కి ఎక్కిందనుకో, ఇక క్లాస్ 3లోనే ఆడాలి. అక్కడ 65 రేటింగ్‌ది 60 కిలోలు మోస్తే మనదానికి 54. జనం "పై క్లాసుకి వెళ్లింది, ఇక కష్టం" అంటారు, నిజమే, పోటీ గట్టిదే, కానీ వీపు మీద అయిదున్నర కిలోలు తగ్గాయి కదా. దీనికి తిరగేసి చూడు. క్లాస్ 3లో ఈడ్చుకుంటూ ఓడి 43కి జారిన గుర్రం క్లాస్ 4కి దిగితే "కింది క్లాసు, ఇంక కొట్టేస్తుంది" అని అందరూ ఎగబడతారు. తేలిగ్గా పరిగెత్తడం అలవాటైనదాని మీద 59 కిలోలు పడ్డాయని ఎవరూ చూడరు. గుర్రం ఒళ్లు చిన్నదైతే నేను అక్కడే గీత కొడతా. ఫేవరెట్ మీద గీత కొట్టగలిగిన రేసే నాకు ఆడదగ్గ రేసు, ఎందుకంటే మిగతావాటి రేటు అప్పుడే బాగుంటుంది.

మూడోది ముందు ఎవరు పరిగెత్తుతారు అన్నది. 1200 మీటర్ల రేసులో మొదటి నుంచీ ముందుండాలనే గుర్రాలు మూడున్నాయంటే ఒకదాన్నొకటి తినేస్తాయి, ఆ మూడింటికీ నా దగ్గర మార్కులు తగ్గుతాయి. అలాంటిది ఒక్కటే ఉంటే, అది సామాన్యమైన గుర్రమైనా సరే, దాని మీద గీత కొట్టడానికి చెయ్యి రాదు. ఎవరూ వెంటపడకపోతే ముందున్నది ఊపిరి దాచుకుంటుంది.

ఇంత చేశాక మూడు నాలుగు మిగిలితే ఆ రేసు ఉంచుతా. ఆరేడు మిగిలితే నా చదువు అక్కడ పనిచేయలేదన్నమాట, ఆ రేసు పోయింది. ఒకటే మిగిలితే? నాకు భయం వేస్తుంది. మళ్లీ మొదటి నుంచీ చూస్తా.

కృష్ణా ఎక్స్‌ప్రెస్

నేను విజయవాడ నుంచండి, నెలకోసారి మా వారితో కలిసి వస్తాను. ఆయన పుస్తకం చూస్తారు, నేను రేసుకి ముందు గుర్రాల్ని తిప్పి చూపించే పాడక్ దగ్గర నిలబడతాను. చిన్నప్పుడు మా ఇంట్లో గిత్తలుండేవి, జంతువు ఒళ్లు చూస్తే కొంత తెలుస్తుంది. ఎండకి పట్టే చెమట వేరు, బెదురుతో వెనక కాళ్ల మధ్య నురగలా పట్టే చెమట వేరు. తల ఎగరేస్తూ సైస్‌ని ఈడ్చుకుపోయేది సగం రేసు అక్కడే పరిగెత్తేసినట్టు. కానీ నేను నేర్చుకున్నది ఏంటంటే, పాడక్‌లో చూసి తీసేయొచ్చు గానీ కొత్తగా కలపకూడదు. నిగనిగలాడుతోంది కదా అని పుస్తకంలో గీత కొట్టిన గుర్రం మీద పెట్టి చాలాసార్లు పోగొట్టుకున్నాను. అందమైన గుర్రాలు చాలానే ఓడతాయండి.

పొద్దున గ్యాలప్

అక్కా, మీ మాట గ్యాలప్ రిపోర్టులకి కూడా వర్తిస్తుంది. పేపర్లో "600 మీటర్లు 45 సెకన్లలో, ఈజీ" అని ఒకటి, "600 మీటర్లు 43లో, తోశారు" అని ఒకటి పడితే కొత్తవాళ్లు 43 వెంట పడతారు. నా లెక్కలో 45 ఈజీనే బరువైంది. ఎవరు ఎక్కారో కూడా చూడండి, రైడింగ్ బాయ్ ఎక్కితే ఒక బరువు, జాకీ ఎక్కితే ఒకటి. ఇసుక మీద చేశారా గడ్డి మీదా? పక్కన ఏ గుర్రం పరిగెత్తింది? రెండు కలిసి చేసి, మంచి రేటింగ్ ఉన్నదాన్ని తక్కువదే వెనక్కి నెట్టిందంటే దాన్ని రాసుకోవాలి. ఒంటరిగా కొట్టిన టైము నాకు పెద్దగా ఎక్కదు.

వానాకాలం సీజన్లో ఇంకో తలనొప్పి. పొద్దున నేల ఎంత మెత్తగా ఉందో కొలిచే పెనిట్రోమీటర్ రీడింగ్ ఒకలా ఉంటుంది, మధ్యాహ్నం జల్లు పడితే ఇంకోలా. ఫాల్స్ రెయిల్స్ (లోపలి కంచెని తాత్కాలికంగా జరిపి పెట్టేవి) ఎక్కడ పెట్టారో అదీ చూసుకోవాలి. నేల బురదైతే శనివారం రాసుకున్నదంతా చించేసి బయటికొచ్చి చాయ్ తాగుతా.

డాలస్ డెస్క్

దూరం నుంచి నేనూ ఒక మాట. నేనుండేది టెక్సస్‌లో, ఇంటికి దగ్గర్లో గ్రాండ్ ప్రెయిరీలో లోన్ స్టార్ పార్క్ ఉంది, హైదరాబాద్ వచ్చినప్పుడు మలక్‌పేట. ఇక్కడ సమాచారానికి కొదవ లేదు, ప్రతి పావు మైలుకీ టైములు, ప్రతి పరుగుకీ స్పీడ్ ఫిగర్లు అన్నీ అచ్చేసి ఇస్తారు. అయినా జనం ఓడుతూనే ఉన్నారు, ఎందుకంటే అందరి చేతిలోనూ అదే కాగితం. గుర్రాన్ని పట్టుకోవడంతో పని అయిపోదు, రేటు సంగతి తేల్చాలి, ఇంతవరకూ పాత నోట్‌బుక్ గారు తప్ప ఎవరూ దాని జోలికే పోలేదు.

నేను చేసేది ఇది. మిగిలిన నాలుగు గుర్రాలకి కలిపి 80 శాతం ఇస్తా, నేను గీత కొట్టినవాటికి అన్నింటికీ కలిపి 20 శాతం వదిలేస్తా, నేనూ మనిషినే కదా. ఆ 80ని 30, 22, 16, 12 అని పంచాననుకోండి. 30 శాతం ఉన్నదానికి న్యాయమైన రేటు (గెలిస్తే పెట్టిన రూపాయి మీద పైన వచ్చేది) ఒకటికి 2.3, 22దానికి మూడున్నర, 16దానికి అయిదుంపావు, 12దానికి ఏడుకి కొంచెం పైన. ఇప్పుడు బుక్కీలు, అంటే పందేలు తీసుకునేవాళ్లు, రేట్లు రాసే బోర్డు చూస్తా. నా నంబర్ వన్ ఈవెన్స్‌లో (రూపాయికి రూపాయి) ఉంటే దాని జోలికి పోను, నా మూడోది పదికి ఒకటిగా ఉంటే దాని మీద పెడతా. నాలుగూ నేననుకున్న రేటుకన్నా తక్కువలో ఉంటే ఆ రేసు లేదు. మంచి గుర్రం దొరికింది కాబట్టి ఆడాలి అన్న మాట నా దగ్గర చెల్లదు.

బోర్డుని కూడా ఇలాగే కూడి చూడండి. ఆరు గుర్రాలు, 6/4 (నాలుగు పెడితే పైన ఆరు), 3/1, 4/1, 5/1, 8/1, 10/1 అనుకుంటే శాతాల్లో 40, 25, 20, 16.7, 11.1, 9.1, మొత్తం 122 దగ్గర. వంద మీద ఉన్న ఆ 22 బుక్కీ ఇంటి కరెంటు బిల్లు.

తానాలా తమ్ముడు

అందుకే నేను జాక్‌పాట్ అంటా. ఐదు రేసులు తగిలితే ఏడాది మొత్తం వచ్చేస్తుంది. మొన్న నాలుగు కాళ్లు, అంటే నాలుగు రేసులు, వచ్చాయి తెలుసా, ఐదోదానిలో నేను ఒక్కదాన్నే నమ్మి వేసిన బ్యాంకర్ రెండోదిగా వచ్చింది.

పాత నోట్‌బుక్

తమ్ముడూ, నీ నాలుగు కాళ్ల కథ నేను ముప్పై ఏళ్లుగా రకరకాల గొంతుల్లో వింటున్నా, నా గొంతులో కూడా. జాక్‌పాట్‌తో చిక్కేంటంటే వదిలేయాల్సిన రేసుల్ని కూడా ఆడక తప్పదు. ఐదింట్లో నీకు బాగా తెలిసింది ఒకటి, మిగతా చోట్ల 3, 2, 4, 3 చొప్పున వేస్తే 72 టికెట్లు. ఆ నాలుగు పెట్టింది నీకు తెలియని రేసులో. తగిలి గెలిచింది పదివేలు దాటితే ఆ మొత్తం మీద 30 శాతం టీడీఎస్ కోస్తారు.

డాలస్ గారి లెక్క బాగుంది, కాకపోతే ఇక్కడి పన్ను అందులో పడలేదు. గుర్రప్పందేల మీద 28 శాతం జీఎస్టీ ఉన్నప్పుడే నడుం విరిగింది, 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 40 అయింది. లాభం మీద కాదు, పెట్టిన పందెం మొత్తం మీద. వంద పందేనికి పైన నలభై కట్టారనుకోండి, ఈవెన్స్‌లో గెలిస్తే చేతికొచ్చేది 200, జేబులోంచి పోయింది 140. అంటే నూటికి డెబ్బైసార్లు గెలిస్తే గానీ అసలు నిలబడదు. మూడుకి ఒకటిలో అయితే నూటికి 35. మామూలుగా ఫేవరెట్లు ఎక్కడైనా ఇంచుమించు మూడింట ఒకసారి గెలుస్తాయి. ఇక మీరే చూసుకోండి.

డాలస్ డెస్క్

అమ్మో. మా దగ్గర విన్ పూల్‌లో, అంటే గెలుపు మీద కాసిన మొత్తంలో, కోసేది పదిహేను నుంచి ఇరవై శాతం మధ్య, దానికే మేము ఏడుస్తాం. ఈ లెక్కన తక్కువ రేటు గుర్రం ఏదీ ఆడదగ్గది కాదు కదా సార్?

పాత నోట్‌బుక్

కాదు. ఒకప్పుడు రోజుకి మూడు ఆడేవాణ్ణి, ఇప్పుడు రెండు వారాలకి ఒకటి. అయిదుకి ఒకటి కన్నా తక్కువ ఉంటే చెయ్యి జేబులోంచి తీయను. ఇంత చేసీ ఏడాది చివర నాది నష్టమే, చిన్న నష్టం, సినిమాలకీ హోటళ్లకీ పెట్టే ఖర్చులాంటిది. అది రాసుకున్న నోట్‌బుక్ ఇంట్లో బల్ల మీదే ఉంటుంది, మా ఆవిడ ఎప్పుడైనా చూడొచ్చు.

గడ్డి తినేది మనమే

ఇంత చదివి నష్టమేనా? మరి 1996లో సుప్రీంకోర్టు ఇది నైపుణ్యం ఆట అని చెప్పింది కదా, ఆ నైపుణ్యం ఎటు పోయింది?

పొద్దున గ్యాలప్

పన్ను కట్టడానికి పోయింది అన్నా.

దిల్‌సుఖ్‌నగర్ చిన్నోడు

మూడు వారాల తర్వాత మళ్లీ వచ్చా. పైసా పెట్టలేదు, కాగితం మీదే ఆడా. మొత్తం 24 రేసులు. పైనున్న రెండు లైన్లు చదివే 13 కొట్టేశా. గుర్రాలు చూశాక ఇంకో ఆరు పోయాయి, ఎన్ని కొట్టినా ఐదారు మిగులుతూనే ఉన్నాయి. చివరికి ఆడదగ్గవి అని రాసుకున్నవి ఐదు, అందులో రేటు చాలక రెండు వదిలేశా. మిగిలిన మూడింట్లో ఒకటి వచ్చింది, ఆరుకి ఒకటిలో. అచ్చం మీరు చెప్పినట్టే, గెలిచి పై క్లాసుకెళ్లిన గుర్రం, అయిదు కిలోలు తేలికగా దిగింది. మూడు ఆడితే ఒకటి తగిలిందని పొంగిపోవట్లేదు, మూడు అనేది ఒక లెక్కే కాదని నాకూ తెలుసు. కానీ పాత పద్ధతిలో ఆ 24 ఆడి ఉంటే ఎంత పోయేదో పక్కన రాసి చూసుకున్నా, ఆ నంబర్ ఇక్కడ పెట్టను.

ఒక డౌట్. ఈ ఆదివారం క్లాస్ 4, 1400 మీటర్లు, 11 గుర్రాలు. గీతలు కొట్టాక మూడు మిగిలాయి. ఫేవరెట్ అయ్యేలా ఉన్నది క్లాస్ 3 నుంచి 43తో దిగింది, 59 కిలోలు. కానీ పెద్ద జాకీని కాకుండా అప్రెంటిస్‌ని (ఇంకా నేర్చుకుంటున్న కుర్రాణ్ణి) ఎక్కించారు, అతనికిచ్చే బరువు మినహాయింపు, అదే అలవెన్స్, తీసేస్తే మోసేది తగ్గుతుంది కదా. దాని మీద గీత కొట్టాలా వద్దా?

పాత నోట్‌బుక్

కిందటి మూడు పరుగుల్లో ఎంత బరువుతో ఎక్కడ వచ్చిందో రాయి. ఆ కుర్రాడు ఇంతకుముందు దాన్ని ఎక్కాడా లేదా అదీ చూడు.

దిల్‌సుఖ్‌నగర్ చిన్నోడు

52, 51.5, 50.5. వచ్చింది 6, 5, 8. కుర్రాడు మొదటిసారి ఎక్కుతున్నాడు సార్.

పాత నోట్‌బుక్

గీత కొట్టు. మిగతా రెండింటి రేటు ఆదివారం బోర్డు మీద చూద్దాం, పాడక్ పక్కన ఉంటా.

కృష్ణా ఎక్స్‌ప్రెస్

మేమూ ఈ ఆదివారమే వస్తున్నామండి. ఆ రెండింటి నంబర్లు చెప్పండి, చెమట నేను చూస్తాను.